పరీక్ష కావాలి, పరీక్ష పేరుతో కోత వద్దు

(వ్యవసాయ కూలీల సభలో ఆడవాళ్ల ఆరోగ్యం మీద చర్చ జరిగిన పూట మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఆశా కార్యకర్త వచ్చి ముప్పై ఏళ్లు దాటినోళ్ల పేర్లు రాసుకుంటోంది. టౌనులో ప్రైవేటు ఆసుపత్రోళ్లు ఆటోకి మైకు కట్టి ‘ఉచిత క్యాన్సర్ క్యాంపు’ అని తిప్పుతున్నారు. పోవాలా వద్దా అని మీరు మమ్మల్ని అడుగుతున్నారు. “రోగం లేనోళ్లకి పరీక్షేంటి, లేనిపోనిది అంటగడతారు” అని కొందరంటున్నారు. “ఊరికే వచ్చేదాన్ని ఎందుకు వదులుకోవాలి, ఏ పరీక్షయినా మంచిదేగా” అని ఇంకొందరు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. సగం నిజాలతో బతుకు నిర్ణయాలు చేయకూడదు. అందుకే ఇవాళ లాభం ఎంతో, నష్టం ఎంతో తూకం వేద్దాం.

కూలి గింజలు కొలిచేటప్పుడు మనం ఏం చూస్తాం? కుంచం మీద చెయ్యి ఎవరిదో చూస్తాం. ఇక్కడా అంతే. మన ఒంటి సంగతి తూచేటప్పుడు కుంచం మన చేతిలో ఉండాలి. మేం చెప్పదలుచుకున్న మాట ఇదొక్కటే. మిగిలిందంతా దానికి లెక్కలు.

ముందుగా ఒక తేడా తెలుసుకుందాం. ఒంట్లో బాధ ఉండి డాక్టరు దగ్గరికి పోయి చేయించుకునేది వేరు. ఏ బాధా లేనోళ్లని వరసగా పిలిచి చేసేది వేరు. ఈ రెండోదాన్నే స్క్రీనింగ్ అంటారు. ముట్లుడిగాక రక్తం కనపడినా, మొగుడితో కలిసాక రక్తం పోతున్నా, దుర్వాసనతో నీరు పోతున్నా, రొమ్ములో గడ్డ తగిలినా, నోట్లో పుండు మూడు వారాలకీ మానకపోయినా క్యాంపు కోసం ఎదురు చూడొద్దు. అది తూకం వేసే సంగతి కాదు. మర్నాడే ఆసుపత్రికి పోవాల్సిందే. మన తూకమంతా ఏ బాధా లేనోళ్ల గురించే.

లాభం ఎంత?

గర్భసంచి మూతి దగ్గర వచ్చే క్యాన్సర్ సంగతే తీసుకుందాం. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1,27,000 మందికి ఇది వచ్చింది. దాదాపు 80,000 మంది చనిపోయారు. ఇది రాత్రికి రాత్రి వచ్చే జబ్బు కాదు. హెచ్.పి.వి. అనే వైరస్ ఒంట్లో చేరి, పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోతే, మూతి దగ్గర కణాలు మెల్లగా మారతాయి. అవి క్యాన్సర్‌గా ముదరడానికి మామూలుగా పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది. అంత టైము ఉంది కాబట్టే ముందుగా పట్టుకునే వీలుంది. అయినా ఇంతమంది చస్తున్నారంటే, ఆ పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ వాళ్లని చూడలేదన్నమాట.

ఒకప్పుడు తెలంగాణతోపాటే నిజాం ఏలుబడిలో ఉన్న జిల్లా ఉస్మానాబాద్. ఇప్పుడు ధారాశివ్ అంటున్నారు. అక్కడ పల్లెటూళ్లలో 1999లో మొదలుపెట్టి 30 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లు 1,31,746 మందితో ఒక పెద్ద పరిశోధన చేశారు. ఊళ్లని నాలుగు భాగాలుగా విడగొట్టి, మూడు భాగాల్లో మూడు రకాల పరీక్షలు ఒక్కొక్కసారి చేశారు. నాలుగో భాగంలో పరీక్ష చేయలేదు. ఎనిమిదేళ్ల లెక్క 2009లో బయటపెట్టారు. పరీక్ష లేని భాగంలో 31,488 మంది ఉంటే ఈ క్యాన్సర్‌తో 64 మంది చనిపోయారు. హెచ్.పి.వి. పరీక్ష ఒక్కసారి చేసిన భాగంలో 34,126 మంది ఉంటే 34 మంది చనిపోయారు. అంటే పదివేల మందిలో 20 మంది చచ్చే చోట 10 మందే చచ్చారు.

ఈ లెక్కను రెండు వైపుల నుంచీ చూడాలి. ఆసుపత్రోళ్లు “చావులు సగానికి తగ్గాయి” అంటారు. అది నిజమే. కానీ ఆ పదివేల మందిలో 9,980 మంది పరీక్ష చేయకపోయినా ఎనిమిదేళ్లలో ఈ క్యాన్సర్‌తో చచ్చేవాళ్లు కాదు. ఇదీ నిజమే. లాభం పొందింది పది మంది. ఆ పది మంది ఎవరో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టి పదివేల మందినీ చూడాలి. పది ప్రాణాలు చిన్న సంగతి కాదు. వాళ్ల వెనక పది ఇళ్లు, పిల్లలు ఉన్నారు. కాకపోతే పది మంది కోసం పదివేల మందిని పిలిచినప్పుడు, మిగతా వాళ్లకి మనం ఏం చేస్తున్నామో కూడా లెక్క చెప్పాలి.

ఏ పరీక్ష అనేదాన్ని బట్టి కూడా లాభం మారుతుంది. ఇప్పుడు మన హెల్త్ సెంటర్లలో ఎక్కువగా చేసేది వెనిగర్ లాంటి ఆమ్లం పూసి చూసే పరీక్ష. పూసిన నిమిషానికి ఎక్కడన్నా తెల్లగా మారిందా అని చూస్తారు. ఖర్చు తక్కువ, ఫలితం అక్కడే చెప్తారు. ఉస్మానాబాద్‌లో ఇది ఒక్కసారి చేస్తే చావులు తగ్గాయని రుజువు కాలేదు. ముంబై మురికివాడల్లో పదో తరగతి చదివిన ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, రెండేళ్లకోసారి చొప్పున నాలుగు సార్లు చేయిస్తే చావులు వందకు 31 తగ్గాయని 2014లో తేల్చారు. అంటే ఈ పరీక్ష ఒకసారి చేసి ఫొటో దిగి పోయేది కాదు. మళ్లీ మళ్లీ, శిక్షణ ఉన్న చేతులతో చేయాల్సింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నుంచి హెచ్.పి.వి. పరీక్షనే ముందు పెట్టమంటోంది. ముప్పై ఏళ్ల నుంచి, అయిదు నుంచి పదేళ్లకోసారి చాలంటోంది. దానికి కావాల్సిన నమూనా ఆడమనిషి తనంతట తానే తీసి ఇవ్వొచ్చు. ఇంకొకరి ముందు కాళ్లు చాపాల్సిన పని లేదు.

ఈ పరిశోధనల గురించి ఒక మాట అనకుండా ముందుకు పోలేం. పోల్చి చూడటానికి వేల మంది పేద ఆడవాళ్లని పరీక్ష లేకుండా వదిలేశారు. వాళ్లలో చనిపోయినోళ్ల లెక్కే మిగతా వాళ్లకి ‘లాభం’గా కనపడుతోంది. ఇది న్యాయమా అని వైద్యనీతి పత్రికల్లో పెద్ద వాదనే జరిగింది. ఆ ఆడవాళ్ల చావుల మీద నిలబడిన జ్ఞానం ఇది. దీన్ని వాడకుండా అలమారాలో పెట్టడం ఇంకా పెద్ద అన్యాయం.

నష్టం ఎంత?

తమిళనాడులో దిండిగల్ జిల్లా లెక్క చూడండి. 2000 నుంచి 2003 వరకు నర్సులు 31,343 మందికి ఈ ఆమ్లం పూసే పరీక్ష చేశారు. 3,088 మందికి ‘తేడా ఉంది’ అని వచ్చింది. అంటే పదిమందిలో ఒకరికి. ఆ తర్వాత పెద్ద పరీక్షలు చేసి, ముక్క తీసి చూస్తే 1,874 మందికి కణాల్లో మార్పు కనపడింది. అది కూడా క్యాన్సర్ కాదు. క్యాన్సర్‌కి ముందు మెట్లు. అందులో కింది మెట్టు మీద ఉన్నవి చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి. మిగిలిన పన్నెండు వందల మందిలో చాలామందికి ఏమీ లేదు. ఆ జిల్లాలో చావులు వందకు 35 తగ్గాయన్న మాటా నిజమే. ఏమీ లేని అంతమంది గుండె కొట్టుకున్న మాటా నిజమే.

అందుకని ఈ మాట గోడ మీద రాసిపెట్టుకోండి: ‘తేడా ఉంది’ అంటే ‘క్యాన్సర్ ఉంది’ అని కాదు. ఇంకోసారి చూడాలి అని మాత్రమే. రెండో పరీక్ష అయ్యేదాకా ఆ మనిషికి నిద్ర పట్టదు. కూలి పోతుంది. బస్సు చార్జీలు అవుతాయి. ఇరుగు పొరుగు చెవులు కొరుక్కుంటారు. ఇవన్నీ నష్టాల కిందే రాయాలి. ఏ ఆసుపత్రి కాగితం మీదా వీటికి గడి ఉండదు. మనమే గీసుకోవాలి.

ఇంకో నష్టం ఇంట్లో మొదలవుతుంది. హెచ్.పి.వి. వైరస్ మొగాడూ ఆడమనిషీ కలవడం వల్ల వస్తుందని తెలియగానే కొన్ని ఇళ్లలో “నీకెక్కడిది?” అని తగువులు మొదలవుతాయి. అన్నలు ఇది శ్రద్ధగా వినాలి. ఈ వైరస్ సంసారం చేసే మొగోళ్లలోనూ ఆడోళ్లలోనూ చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. ఎక్కువమందికి రెండేళ్లలోపు దానంతట అదే పోతుంది. కొందరిలో ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉంటుంది. ఎప్పుడొచ్చిందో, ఎవరి నుంచొచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. భార్యకి వచ్చిందంటే మొగుడి నుంచే వచ్చుండొచ్చు. దీన్ని పట్టుకుని ఆడదాని నడత కొలిచేవాడు వైద్యం చెప్పట్లేదు, పెత్తనం చేస్తున్నాడు.

అన్నిటికంటే పెద్ద నష్టం కోత. ఉస్మానాబాద్ పక్క జిల్లా బీడ్. అక్కడి నుంచి ఆలుమగలు జోడీగా చెరుకు నరకడానికి వలస పోతారు. గుత్తేదారు దగ్గర ముందే డబ్బు తీసుకుంటారు కాబట్టి ఒకరోజు పని ఎగ్గొడితే జరిమానా. ముట్టు వచ్చినా ఆగడానికి లేదు. 2019లో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ 82,309 మంది ఆడవాళ్లని అడిగితే 13,861 మందికి గర్భసంచి తీసేసి ఉంది. ఆరుగురిలో ఒకరికి. నడుంనొప్పి అనో తెల్లబట్ట అనో పోతే “తీయించుకోకపోతే క్యాన్సర్ అవుతుంది” అన్నారని అక్కడి ఆడవాళ్లు పత్రికలవాళ్ల ముందు చెప్పారు. చూడండి, పక్క పక్క జిల్లాలు. ఒకచోట అదే క్యాన్సర్‌ని ముందుగా పట్టుకుని ప్రాణాలు నిలపొచ్చని రుజువు చేశారు. ఇంకోచోట అదే క్యాన్సర్ పేరు చెప్పి కడుపులు కోశారు.

ఇది బీడ్ సంగతే అని ఊరుకోవద్దు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద వందకు 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అన్నీ అక్కర్లేని ఆపరేషన్లని మేం అనట్లేదు. పెద్ద గడ్డలు ఉండి, మందులకి ఆగని రక్తం పోతుంటే తీయాల్సి రావచ్చు. కానీ దేశంలో ఇంకెక్కడా లేనన్ని గడ్డలు మన ఆడవాళ్లకే ఎందుకొచ్చాయి? 2019-21 సర్వే ఇంకోమాట చెప్పింది. దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి మూతి పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు వందకు 1.9 మాత్రమే. చూసేవాళ్లు లేరు గానీ కోసేవాళ్లు ఉన్నారు. ఇక్కడ ఎవరి కొలత ఎవరి చేతిలో ఉందో ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్ల మనిషి కూడా ముట్లుడిగిన మనిషైపోతుంది. ఎముకలు గుల్లబారతాయి. గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. ఒళ్లే ఆస్తి అయిన కూలిమనిషికి ఇది భూమి పోయినట్టే. తెల్లబట్ట ఎక్కువసార్లు ఇన్ఫెక్షన్ వల్లే అవుతుంది, మందులకి తగ్గుతుంది. స్కానింగ్‌లో ‘వాపు ఉంది’, ‘పుండు ఉంది’ అన్నంత మాత్రాన క్యాన్సర్ అని తేలదు. తేల్చేది ముక్క పరీక్ష. కణాల్లో మార్పు ఉందని తేలినా దానికి వైద్యం ఆ చోటు వరకు చల్లటి గ్యాస్‌తోనో, వేడితోనో కాల్చడం, లేదా ఆ చిన్న ముక్క వరకు తీయడం. అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్లు ఆపమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలకి చెప్పింది. ఆ సంగతి ఆసుపత్రి గడప దగ్గర గుర్తు చేయాల్సింది మనమే.

ఎవరికి ఏది?

పరీక్ష ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకునేవాళ్ల కోసం ఒక దూరదేశం మాట. దక్షిణ కొరియాలో ఆసుపత్రులు మిగతా పరీక్షలతోపాటు కొంచెం డబ్బు కట్టించుకుని మెడకి స్కానింగ్ చేయడం మొదలుపెట్టాయి. 1993 నుంచి 2011 లోపల థైరాయిడ్ క్యాన్సర్ కేసులు పదిహేను రెట్లు పెరిగాయి. చావులు మాత్రం ఏమీ తగ్గలేదు. బతికినన్నాళ్లూ ఏ హానీ చేయని చిన్న చిన్న గడ్డల్ని వెతికి పట్టుకుని వేల మందికి మెడలు కోశారు. వాళ్లు బతుకంతా మాత్రలు మింగుతున్నారు. మన టౌనుల్లో ‘మాస్టర్ చెకప్’ పేరుతో ఒళ్లంతా స్కానింగ్ చేస్తామనే ప్యాకేజీలు చూసి, డబ్బున్నోళ్లకే దక్కుతున్నాయని కుళ్లుకోవద్దు. వాటిలో చాలావాటికి అప్పు చేయకపోవడమే లాభం.

నోటి పరీక్ష సంగతి వేరు. టార్చిలైటు పట్టుకుని నోట్లో చూడటమే. కేరళలో తిరువనంతపురం దగ్గర చేసిన పరిశోధన లెక్క 2005లో వచ్చింది. పొగాకో సారాయో అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు మూడోవంతు తగ్గాయి. కాబట్టి గుట్కా, ఖైనీ నమిలేవాళ్లు, బీడీలు కాల్చేవాళ్లు, శ్రీకాకుళం విశాఖ తీరంలో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అవ్వలు తప్పకుండా చూపించుకోవాలి. దీనిలో నష్టం తక్కువ, లాభం ఎక్కువ. పొగాకు మానేస్తే ఇంకా ఎక్కువ.

రొమ్ము సంగతి. ముంబైలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో తడిమి చూశారు. ఇరవై ఏళ్ల లెక్క 2021లో వచ్చింది. యాభై దాటినవాళ్లలో చావులు దాదాపు మూడోవంతు తగ్గాయి. యాభైలోపు వాళ్లలో తగ్గినట్టు తేలలేదు. అంటే వయసు చూడకుండా అందరికీ ఒకే పరీక్ష రుద్దేవాడు లెక్క చూడనట్టే.

అడగాల్సిన ప్రశ్నలు

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం చుట్టుపక్కల, పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి హెచ్.పి.వి. టీకా వేశారు. చాలామంది ఆదివాసీ, దళిత పిల్లలు, హాస్టళ్లలో చదివేవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయాక గొడవై 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకి టీకా కారణంగా కనపడట్లేదని విచారణ కమిటీ చెప్పింది. కానీ 9,543 అంగీకార ఫారాలు తీసి చూస్తే 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. కన్నవాళ్లకి తెలియదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా వేరు, పరీక్ష వేరు. మందు మంచిదే కావచ్చు. అడగకుండా ఒంటి మీద చెయ్యి వేయడం మాత్రం మంచిది కాదు. అట్లా చేస్తే జనం మంచి మందుని కూడా నమ్మరు. ఆ నష్టం కూడా మనకే.

కాబట్టి ఎవరొచ్చి పరీక్ష అన్నా ఈ అయిదు ప్రశ్నలు అడగండి. చదువు రానక్కర్లేదు, నోరుంటే చాలు.

ఒకటి: నా వయసుకి, నా అలవాట్లకి ఈ పరీక్ష వల్ల లాభం ఉందా? వందమందిలో, వెయ్యిమందిలో ఎంతమందికి?

రెండు: తేడా ఉందని వస్తే తర్వాతి పరీక్ష ఎక్కడ, ఎన్నాళ్లలో, ఎవరి ఖర్చుతో?

మూడు: వైద్యం కావాల్సివస్తే ఎక్కడ చేస్తారు? గర్భసంచి తీయాలంటే ముక్క పరీక్ష కాగితం ఏది? రెండో డాక్టరు చూశాడా?

నాలుగు: నా ఫలితం ఎవరికి తెలుస్తుంది? అరుగు మీద నిలబడి పేర్లు చదవడానికి మేం ఒప్పుకోం.

అయిదు: వద్దంటే ఏమవుతుంది? వద్దన్నంత మాత్రాన రేషన్ కార్డో, ఇంకో పథకమో పోతుందని బెదిరిస్తే అది వైద్యం కాదు.

కార్యకర్తలకి ఒక మాట. 30 దాటినవాళ్లకి నోటికి, రొమ్ముకి, గర్భసంచి మూతికి అయిదేళ్లకోసారి పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వమే 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. అది మన హక్కు. మన హెల్త్ సెంటర్లో అది జరుగుతోందా? తలుపున్న గది, చూసే ఆడమనిషి, శుభ్రమైన పనిముట్లు ఉన్నాయా? తేడా వచ్చినవాళ్లని జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయే బండి ఉందా? ఎంతమందిని పిలిచారు, ఎంతమందికి తేడా వచ్చింది, అందులో ఎంతమందికి వైద్యం అందింది? ఈ మూడు అంకెలు ఊళ్లో గోడ మీద రాయమని అడగండి. పేర్లు వద్దు, అంకెలు చాలు. మూడో అంకె రెండో అంకె దగ్గరికి రాకపోతే ఆ క్యాంపు మన కోసం పెట్టింది కాదు. దిండిగల్‌లో కూడా మార్పు కనపడినవాళ్లలో వందకు 72 మందికే వైద్యం అందింది. అక్కడే అట్లా ఉంటే ఇక్కడ మనం ఎంత వెంటపడాలో ఆలోచించండి.

చివరిగా. భయంతో పరీక్షకి పోవద్దు. భయంతో మానుకోవద్దు. గర్భసంచి మూతి పరీక్ష, ముప్పై దాటినవాళ్లకి, తర్వాతి వైద్యం ఖాయంగా ఉన్నచోట, చేయించుకోదగిందని మా తూకంలో తేలింది. మీ తూకం మీరు వేయండి. ఒకామె లెక్కంతా విని “నాకొద్దు” అంటే ఆమె మాట చెల్లాలి. ఇంకొకామె “నాకు కావాలి” అంటే ఆమెకి హెల్త్ సెంటర్ తలుపు తెరుచుకోవాలి. ఈ రెండూ జరిగేదాకా వచ్చే సోమవారం నుంచి వాడకి నలుగురు చొప్పున హెల్త్ సెంటర్‌కి పోయి ఆ మూడు అంకెలు అడుగుదాం. కుంచం మన చేతికి ఎవరూ తెచ్చివ్వరు. మనమే అందుకోవాలి.